చిన్న కుక్కకు వెనుకకాళ్లు పడిపోయినప్పుడు

ఎద్దునకు గాలికుంటు వచ్చినను, గేదెకు పొదుగువాపు వచ్చినను ఏమి చేయవలెనో మన సభ్యులలో పెక్కుమందికి తెలియును. తెలియనివారు తెలిసినవారి నడిగి తెలిసికొందురు. కాని రాత్రియెల్ల మేలుకొని కళ్లము కాచి, గాదె క్రింది పందికొక్కులను పట్టి, పరుల యడుగు చప్పుడు వినినంతనే మనలను లేపు కుక్కకు జబ్బు చేసినచో ఏమి చేయవలెనో తెలిసినవారు తక్కువ. కుక్కకు వైద్యమేమి యని నవ్వువారును లేకపోలేదు. నిన్నటివరకు చలాకిగా తిరిగిన చిన్న కుక్క ఒకనాటి యుదయమున వెనుకకాళ్ల నీడ్చుకొని ముంగాళ్లతో ప్రాకుచు వచ్చినప్పుడు ఇంటివారికి దిక్కు తోచదు. అట్టి సమయమున చేయవలసినవియు చేయరానివియు ఈ వ్యాసమున విన్నవించుచున్నాను. ఇందు కొంత వైద్యులు చెప్పినది. కొంత మా యింట మేము పొరపాటుపడి నేర్చుకొన్నది.

మా యింట జరిగినది

మా కుక్క డాక్స్‌హండ్ జాతిది. ఇది పొడవైన నడుమును, జానెడు కాళ్లును గల జాతి. జర్మనీదేశమున కలుగులలో దూరి వేటాడుటకై దీనిని పెంచిరి. మా బావమరది పట్టణమునుండి తెచ్చి మా పిల్లలకిచ్చెను. పిల్లలు దానికి చిట్టి యని పేరు పెట్టిరి. దానికి అయిదవయేడు నడుచుచుండగా, ఒకనాటి మధ్యాహ్నము ధాన్యపు బస్తాల దొంతరపైనుండి పందికొక్కును తరుముచు క్రిందికి దుమికి, ఒక్క కేక వేసి నిలిచిపోయెను. కొంతసేపటికి నడచినది గనుక మేమంతగా పట్టించుకొనలేదు. సాయంకాలమునకు వీపు గూనుచేసి, కడుపు బిగబట్టి, వణకుచు మూలను కూర్చుండెను. అన్నము ముట్టలేదు. కడుపునొప్పి యనుకొని మా తల్లిగారు వామునీరు పట్టించిరి. తెల్లవారి చూచునప్పటికి వెనుకకాళ్లు రెండును పడిపోయి, చీపురుకట్టవలె నేలమీద ఈడ్చుకొని వచ్చుచుండెను.

మా పెదనాన్నగారు చూచి, "నడుము పోయిన కుక్క బ్రతుకదురా అబ్బాయీ. పిల్లలు లేవకముందే కాలువగట్టున విడిచి రా" అనిరి. ఆయన కఠినుడు కాడు. ఆయన కాలమున చూచినది అదియే. నేనును గోనెసంచి చేత బట్టితిని. ఇంతలో మా అమ్మాయి లేచివచ్చి, "నాన్నగారూ, అది నన్ను చూచి తోక కదలించుచున్నది. ప్రాణమున్నదానిని ఎట్లు విడిచివత్తురు?" అని సంచిని పట్టుకొనెను. ఆ సంచిలోనే చిట్టిని మెత్తగా పరుండబెట్టి పశువైద్యుని యొద్దకు తీసికొనిపోతిమి. ఆ యుదయమున తోవ మారనియెడల నేనీ వ్యాసము వ్రాయువాడను కాను.

మేము చేసిన మొదటి తప్పును అచటనే తెలిసికొంటిమి. ముందటినాటి సాయంకాలము మేము కడుపునొప్పి యనుకొన్నది వెన్నునొప్పి. వీపు గూనుచేయుట, ఎత్తుకొనినప్పుడు అరచుట, మెట్లెక్కకుండుట, వణకుట యనునవి వెన్నునొప్పికి గుర్తులు. కాళ్లు పడకముందే ఆ గుర్తులను పోల్చి, కదలకుండ ఉంచి, వైద్యునకు చూపినచో అనేక పర్యాయములు కీడు అంతటితో ఆగును.

వెన్నులో జరుగు కీడు

కుక్క మెడలో 7, రొమ్మున 13, నడుమున 7 పూసలుండును. ఈ పూసల లోపలి త్రోవగుండ వెన్నుపాము మెదడునుండి తోకవైపునకు సాగును. కాళ్లకు ఆజ్ఞలు పోవుటయు, నొప్పి మెదడునకు తెలియుటయు దాని మూలముననే. పూసకును పూసకును నడుమ మెత్తని బిళ్ల యొకటి యుండును. దాని పైభాగము గట్టి నారపట్టలు. లోపల జిగురువంటి గుజ్జు. తాటిముంజను తలచుకొన్నచో దీని నిర్మాణము కొంత బోధపడును. దుమికినప్పుడును పరుగెత్తినప్పుడును ఈ బిళ్లలే అదురును తమలో ఇముడ్చుకొనును.

పొట్టికాళ్ల జాతులలో ఈ గుజ్జు మొదటి సంవత్సరముననే యెండనారంభించి, క్రమముగా సున్నము కట్టి గట్టిపడును. అట్టి బిళ్ల ఒకనాడు పగిలి, లోపలి గడ్డ వెన్నుపాముమీద పడును. తూములో రాయి పడిన నీరు ఆగునట్లు, అచటినుండి వెనుకకు ఆజ్ఞలు పోవుట ఆగును. దెబ్బతిన్న చోట వాపు పుట్టి కీడును మరింత పెంచును. రొమ్ముపూసలును నడుముపూసలును కలియు తావున ఇది యెక్కువగా జరుగును. సామాన్యముగా మూడేండ్లకును ఏడేండ్లకును నడుమ వయసున ఇది కనబడును. ఈ బిళ్లల జబ్బును స్వీడనుదేశపు హాన్సెను అను పశువైద్యశాస్త్రవేత్త పరిశోధించి 1952లో రెండు రకములుగా విభజించెను. ఆ విభజననే నేటికిని వైద్యులు వాడుచున్నారు. ఈ దోషమునకు మూలమైన జన్యుభేదము కుక్క 12వ క్రోమోజోమునందున్నట్లు 2017లో తేలినది. కావున ఇది దిష్టియు కాదు, ఇంటివారి పాపమును కాదు. పుట్టుకతో వచ్చిన బలహీనత. డాక్స్‌హండ్, పెకినీస్, షిట్జూ, బీగిల్, కాకర్ స్పానియల్, ఫ్రెంచి బుల్‌డాగ్ జాతులవారికి ఈ భయమెక్కువ.

మొదట తలపవలసిన జబ్బు

వెనుకకాళ్లు పడిన ప్రతి కుక్కకును బిళ్లజబ్బే యనుకొనుట ప్రమాదము. అన్నిటికంటె ముందు తలపవలసినది పిచ్చికుక్క వ్యాధి, అనగా రేబిస్. పిచ్చికుక్క యనగనే వీథులలో పరుగెత్తి కరచునదియే మనకు తోచును. కాని ఆ వ్యాధిలో మూగరకమొకటి కలదు. అందు కుక్క కరవకపోవచ్చును. వెనుకకాళ్లు తూలి పడును, క్రిందిదవడ వ్రేలాడును, చొంగ కారును, మ్రింగలేదు, మొరుగు గొంతు మారును, కొలదిదినములలో చచ్చును. గొంతులో ఎముక యిరుక్కొన్నదేమో యని నోట చేయిపెట్టి ప్రాణము పోగొట్టుకొన్నవారు కలరు.

కావున టీకా వేయని కుక్క, లేక ఇటీవల వీథికుక్కతో కలహించిన కుక్క ఇట్లు పడినచో దాని నోటిజోలికి పోరాదు. పిల్లలను దూరముగా నుంచి, కుక్కను ఒక గదిలో మూసి, పశువైద్యునికి వెంటనే తెలుపవలెను. అది కరచినను, గీరినను, దాని చొంగ గాయమునకు తగిలినను ఆ చోటును ధారగా పడు నీటితోను సబ్బుతోను పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ప్రభుత్వ వైద్యశాలకు పోవలెను. బొడ్డుచుట్టు పొడిచెడు పాత సూదులకు ఇప్పుడు వెరవనక్కరలేదు. ఆ పాత మందు తయారీ మన దేశమున 2004 చివర నిలిచిపోయినది. ఇప్పటి సూదులు చేతికే వేయుదురు. ఈ వ్యాధి లక్షణములు మనుష్యునకు తోచిన పిమ్మట మందు లేనట్లే. అంతకుముందు మాత్రము నమ్మకమైన మందు కలదు.

ఇతర కారణములు

పరుగులో నుండగా ఒక్కసారి అరచి కూలి, కొంతసేపటికే నొప్పి లేనట్లుండి, మరునాటికి కీడు పెరుగక నిలిచినచో, బిళ్లతునక వెన్నుపాము రక్తనాళములో అడ్డుపడియుండవచ్చును. దీనికి శస్త్రచికిత్స అక్కరలేదు. మోటారుబండి తగులుట, ఎద్దు తన్నుట, డాబామీదనుండి పడుట యనువానివలన పూసలే విరుగవచ్చును. రాత్రివేళ కట్లపాము కరచినచో గాటు కానరాకుండగనే బలహీనత పైపైకి ప్రాకి, కనురెప్పలు వ్రాలి, ఊపిరి కష్టమగును. దీనికి విషవిరుగుడు సూది ఒక్కటే శరణము, మంత్రము పనికిరాదు. టీకా లేని కుక్కపిల్లలకు డిస్టెంపరు జ్వరము పిమ్మట కాళ్లు అదరుచు పడుట కలదు. ఈనిన రెండు మూడు వారములకు చిన్నజాతి తల్లికుక్క బిగుసుకొని వణకినచో సున్నపుధాతువు తక్కువైనదని తలపవలెను. వెనుకపాదములు చల్లబడి, తొడలోపలి నాడి తెలియకున్నచో నెత్తురుగడ్డ పెద్దనాళమును మూసినట్లు అనుమానింపవచ్చును. వీనిలో ఏది యైనదియు నిర్ణయించుట వైద్యుని పని. ఆయనకు ఉపయోగపడునట్లు, ఎప్పుడు మొదలైనది, ఏమి చేయుచుండగా పడినది, నొప్పి యున్నదా, క్షణక్షణము పెరుగుచున్నదా, టీకా యెప్పుడు వేయించినది యను నయిదు సంగతులు జ్ఞాపకముంచుకొని చెప్పుట మన పని.

వైద్యుని యొద్దకు పోవులోపల

కుక్కను నడిపించి చూడరాదు. చంకలక్రింద చేతులుంచి పైకెత్తరాదు. అప్పుడు నడుము వ్రేలాడి వెన్ను వంగును. ఒకచేయి రొమ్ముక్రిందను, ఒకచేయి తుంటిక్రిందను ఉంచి, వీపు సమముగా నుండునట్లు ఎత్తవలెను. దెబ్బ తగిలి పడినదైనచో వెడల్పైన పలకమీదికి మెల్లగా జరిపి, దుప్పటితో చుట్టి, పలకతో కూడ మోయవలెను. ఎంత మచ్చికగల కుక్కయైనను నొప్పిలో యజమానుని కరచును. రేబిస్ అనుమానము లేనప్పుడు, వాంతియు రొప్పును లేనప్పుడు మాత్రమే మెత్తని గుడ్డపేలికతో మూతి కట్టవచ్చును.

రేపు చూతమనుట తగదు. దినము కాదు, గంటలు లెక్క. పశుసంచార వైద్యమునకై 1962 అను దూరవాణి సంఖ్య మన రెండు తెలుగు రాష్ట్రములందును కలదు. దానికి పిలిచి, కుక్క విషయమున దగ్గరలో ఏమి సహాయము దొరకునో అడుగవచ్చును. శస్త్రచికిత్స కావలసివచ్చినచో తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరములలోని పశువైద్య కళాశాలలను విచారింపవచ్చును.

నొప్పి తెలియుటయే కొలత

మా వైద్యుడు చిట్టి వెనుకకాలి వ్రేలిని పటకారుతో నొక్కి చూచెను. కాలు వెనుకకు లాగుకొనెను. అది చూచి నేను సంతసించితిని. ఆయన నవ్వి, "కాలిని కాదండీ, ముఖమును చూడుడు" అనెను. కాలు ముడుచుకొనుట వెన్నుపాములోనే ముగియు ప్రతిక్రియ. మెదడుతో పని లేదు. కుక్క తల త్రిప్పి చూచుటయో, అరచుటయో, కరవబోవుటయో చేసిననే నొప్పి మెదడునకు చేరినట్లు. చిట్టి తల త్రిప్పి మూలిగెను. "ఆశ కలదు" అని ఆయన యనెను.

ఈ యొక్క కొలతమీదనే భవిష్యత్తు చాలవరకు ఆధారపడును. కాళ్లు పూర్తిగా పడినను లోతునొప్పి తెలియుచున్న కుక్కలలో శస్త్రచికిత్స చేసిన నూటికి సుమారు 90 మరల నడచును. శస్త్రచికిత్స లేకున్నను, కట్టుదిట్టమైన విశ్రాంతిచే సగమునకు పైగా నడచును. నొప్పి తెలియుట పోయినచో శస్త్రచికిత్సచే సుమారు సగము, అదృష్టమున్న కొంచెమెక్కువ, కోలుకొనును. చేయనిచో కోలుకొనునవి బహు కొలది. కావున నొప్పి తెలియని కుక్కకు అర్ధదినముకూడ విలువగలది. ఇంటివారు వ్రేళ్లను గట్టిగా నొక్కి మాటిమాటికి పరీక్షింపరాదు. పూసల ఎక్సురే విరుగుటను చూపునుగాని బిళ్ల యెచట వెన్నుపామును నొక్కుచున్నదో చక్కగా చూపజాలదు. దానికి సీటీ, ఎమ్మారై యను పెద్ద పరీక్షలు కావలెను.

మాకు శస్త్రచికిత్సశాల దూరము. చేతిలో పంట డబ్బు ఇంకను పడలేదు. ఆ మాట దాచక చెప్పితిమి. ఆయన మమ్ము తక్కువచేసి చూడక, విశ్రాంతి మార్గము చెప్పి, దినమునకొకసారి నొప్పిపరీక్షకు తెమ్మనెను. అది తగ్గినచో అప్పు చేసియైనను పట్టణమునకు పోవలెనని హెచ్చరించెను. వైద్యునితో మన శక్తి యింతయని మొగమాటము లేక చెప్పుట మేలు. దానినిబట్టి ఆయన తోవ చూపును.

చేయరానివి

మనుష్యుల నొప్పిబిళ్లలు కుక్కకు వేయరాదు. పారాసిటమాలు, ఇబుప్రోఫెను, డైక్లోఫినాకులు దాని కడుపును, మూత్రపిండములను, కాలేయమును చెరచి చంపగలవు. పశువులకు డైక్లోఫినాకు వాడుట రాబందుల నాశనమునకు హేతువైనందున మన ప్రభుత్వము 2006లో దానిని నిలిపివేసినది. స్టెరాయిడు సూదియు నొప్పిమందును ఒకేసారి పడినచో కడుపులో పుండు పుట్టి రక్తము కారును. కావున ఒకచోట సూది వేయించి, మరియొకచోట బిళ్లలు తెచ్చుకొనుట కూడదు. ముందు ఏ మందు వేసిరో రెండవ వైద్యునికి చీటి చూపవలెను. స్టెరాయిడులవలన ఈ జబ్బులో లాభము లేదని నేటి నిపుణుల యభిప్రాయము.

వేడినూనెతో నడుము పిసుకుట, వాతలు పెట్టుట, కాళ్లు పట్టి లాగుట మొదటి వారములలో కీడు చేయును. పగిలిన బిళ్లలోని గుజ్జు ఇంకను బయటికి వచ్చును. వాత పెట్టిన చోటున స్పర్శ లేనందున పుండు మానక పురుగు పట్టును.

పెట్టెలో విశ్రాంతి

శస్త్రచికిత్స లేని వైద్యములో అసలు మందు విశ్రాంతియే. అది తక్కువలో తక్కువ నాలుగు వారములు. విశ్రాంతి యనగా గదిలో విడిచియుంచుట కాదు, పెట్టెలో ఉంచుట. మా వడ్లవాడు మామిడిపండ్ల పెట్టెల చెక్కలతో మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల పెట్టె చేసియిచ్చెను. కుక్క లేచి వెనుకకు తిరుగుటకు చోటుండవలెను, దుముకుటకు చోటుండరాదు. అడుగున రబ్బరుగుడ్డ, దానిపై మెత్తని బొంత, పైన ఉతికిన పాతచీర పరచవలెను. అన్నము, నీరు పెట్టెలోనే. బయటికి తీయునది మూత్రమునకును మలమునకును మాత్రమే. అప్పుడును తుంటిక్రింద కండువా చుట్టి, నడుమునకు ఆసరా యియ్యవలెను.

ఇచట మరియొక ముఖ్యమైన మాట. నొప్పిమందు పని చేయగనే కుక్క కులాసాగా కనబడును. పిల్లలు జాలిపడి విడుతురు. నొప్పి పోయినదిగాని పగులు మానలేదు. పదవనాడు ఆటకు విడువబడి మరల పడిన కుక్కలు పెక్కు. మా యింట చిట్టి మూలిగిన ప్రతిసారియు మా తల్లిగారే పెట్టె మూత తీయబోయిరి. ఆమెను ఆపుట కుక్కను ఆపుటకంటె కష్టమయ్యెను.

మూత్రము సంగతి

కాళ్లు పడిన కుక్కలను చంపునది తరచుగా కాళ్లు కాదు, మూత్రాశయము. మా రెండవ తప్పు ఇందే జరిగినది. మూడవనాడు చిట్టి పడకయెల్ల తడిసియుండుట చూచి, మూత్రము చక్కగనే పోవుచున్నదనుకొంటిమి. వైద్యుడు కడుపు తడిమి, "చెరువు నిండి అలుగు పారుచున్నది, తూము తెరువలేదు" అనెను. లోపల మూత్రాశయము రాయివలె గట్టిపడి, మిక్కిలి నిండినది మాత్రము బొట్లుగా కారుచుండెను. అట్లు వదలినచో సంచి సాగి బలము కోల్పోవును, చీము పట్టును, మూత్రపిండములు చెడును.

అందుచే ఆరు మొదలు ఎనిమిది గంటల కొకసారి మనమే మూత్రము తీయవలెను. కుక్కను ప్రక్కకు పరుండబెట్టియో, నిలువబెట్టి పట్టుకొనియో, వెనుకకాళ్లకు ముందు కడుపునకిరువైపుల అరచేతులుంచిన, నిండిన సంచి చిన్న బత్తాయిపండువలె చేతికి తగులును. దానిని రెండు చేతుల నడుమ మెల్లగా, ఒకే ఒత్తిడితో, తోకవైపునకు నొక్కవలెను. పాలు పిండునట్లు గుంజరాదు. ధార నిలిచి, సంచి తగ్గువరకు ఓపికపట్టవలెను. ఇది వ్రాతచే వచ్చు విద్య కాదు. మొదటిసారి వైద్యుడు మన చేతులమీద తన చేతులుంచి నేర్పవలెను. నొక్కినను రానిచో బలము చూపరాదు, సంచి చిట్లును. అట్టిదానికి బిగువు సడలించు మందులును గొట్టమును వైద్యుని యొద్ద కలవు. మూత్రము దుర్వాసన కొట్టినను, చిక్కబడినను, రక్తము కనబడినను వెంటనే చూపవలెను. పడక తడియునని నీరు తగ్గించుట మాత్రము తప్పు.

మా యింట తెల్లవారుజామున నేనును, మధ్యాహ్నము మా యింటివారును, రాత్రి మా అమ్మాయియు వంతులు వేసికొంటిమి. ఒక్కరిమీద పడినచో ఈ సేవ వారమునకే విసుగు పుట్టించును. పంచుకొన్నచో నెలలు సాగును.

చర్మము, కాళ్లు

స్పర్శ లేనిచోట పుండు పడినను కుక్కకు తెలియదు. నాలుగు గంటల కొకసారి ప్రక్క మార్చవలెను. తుంటి, మోచేయి, మడమ యెముకల చోట్లను దినమునకు రెండుసార్లు చూచి, ఎఱ్ఱబడిన వెంటనే ఆ చోట ఒత్తిడి లేకుండ చేయవలెను. మూత్రము తగిలిన తొడలను గోరువెచ్చని నీట కడిగి, పూర్తిగా తుడిచి ఆరబెట్టవలెను. తడి బొంతను ఆ క్షణముననే మార్చవలెను. మన దేశమున ఈగ వ్రాలిన తడిపుండున పురుగు పట్టుటకు ఒకటి రెండు దినములు చాలును. నేలమీద ఈడ్చుకొనిపోవుటవలన పాదముల పైభాగము ఒరసిపోవును. అందుచే పెట్టె వెలుపల సిమెంటునేలపై విడువరాదు.

వైద్యుడు అనుమతించిన పిమ్మట కాళ్లకు వ్యాయామము ప్రారంభింపవలెను. కుక్కను ప్రక్కకు పరుండబెట్టి, పాదము, మడమ, మోకాలు, తుంటి కీళ్లను ఒకదాని తరువాత నొకటిగా మెల్లగా వంచి చాచవలెను. ఒక్కొక్క కీలుకు పదిసార్లు, దినమునకు రెండు మూడు విడుతలు. ఇందువలన నరము బాగుపడదు. కాని బాగుపడునాటికి కీళ్లు బిగిసిపోకుండ, కండ కరిగిపోకుండ ఉండును. అన్నము మితముగా పెట్టవలెను. పడియున్న కుక్కకు జాలితో నేయన్నము పెట్టి బరువు పెంచుట దాని వెన్నుమీద బస్తా యెత్తుట వంటిది.

ఎంతకాలము, ఎంతవరకు

బాగుపడునప్పుడు సామాన్యముగా మొదట నొప్పి చక్కగా తెలియును. పిమ్మట మనలను చూచి తోక ఆడించును; మూత్రము తన యిచ్ఛ ప్రకారము పోయును; నిలువబడును; తుదకు తూలుచు నడచును. కొన్నిటికి రెండు వారములు, కొన్నిటికి రెండు నెలలు, మరికొన్నిటికి అంతకు మించియు పట్టును. చిట్టి పందొమ్మిదవనాడు కండువా ఆసరాతో రెండు క్షణములు నిలిచెను. ఆనాడు పెదనాన్నగారు మాట్లాడక లోనికి పోయి, తమ గిన్నెలోని పెరుగన్నము తెచ్చి పెట్టెముందుంచిరి. రెండవ నెల చివరకు అది నడచెను. ఇప్పటికిని వెనుకభాగము కొంత ఊగును. బస్తాలెక్కలేదు. గడపలో పండుకొని మొరుగుట మాత్రము మానలేదు.

నడక రాకున్నను జీవితము ముగియదు. తేలికగొట్టములకు రెండు చిన్నచక్రములు బిగించి, రొమ్మునకు పట్టీలు కట్టి చేసిన చిన్నబండితో కుక్కలు సంతోషముగా తిరుగును. వీపు సమముగా నుండునట్లు ఎత్తు కొలిచి చేయించి, మొదట కొలదినిమిషములే కట్టి, విప్పిన ప్రతిసారియు చర్మము చూడవలెను. విశ్రాంతి వారములు గడచిన పిమ్మటనే యిది.

కాని నిజమును దాచుట సేవ కాదు. లోతునొప్పి పోయిన కుక్కలలో నూటికి సుమారు పదింటికి వెన్నుపాము కరిగిపోవుచు పైకి ప్రాకును. మొదటి రెండు వారములలోపలనే ముంగాళ్లు బలహీనపడి, తోకయు గుదమును సడలి, ఊపిరి కష్టమైనచో అది ఆ గుర్తు. దానికి మందు లేదు. అట్టిదానికి వైద్యునిచేత నొప్పి లేని మరణ మిప్పించుట దయ. కాలువగట్టున విడుచుట దయ కాదు. ఆకలికిని దప్పికకును గురియగునట్లు జంతువును విడుచుట 1960నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము కూడ.

రాకుండ జాగ్రత్త

పొట్టికాళ్ల కుక్కను బొద్దుగా పెంచరాదు. ప్రక్కటెముకలు చేతికి తగులుచుండవలెను. మంచము, అరుగు, బస్తాలపైనుండి దుమికింపరాదు. మెడపట్టెడకు మారుగా రొమ్ముపట్టీ కట్టవలెను. ఒకసారి ఈ జబ్బు వచ్చినదానికి ఈత కట్టింపరాదు. దోషము పిల్లలకు సంక్రమించును. మరల రావచ్చును గనుక వీపు గూనుచేసిన నాడే జాగ్రత్తపడవలెను. రేబిస్ టీకా ఏటేట తప్పక వేయింపవలెను.

సంఘము చేయదగినది

ఒక్కొక్క కుటుంబము పెట్టెయు బండియు చేయించుట భారము; వాడుక ముగిసినపిమ్మట అవి అటకమీద పడియుండును. మన సంఘపు గిడ్డంగిలో ఒక విశ్రాంతిపెట్టెయు, కొలతలు సవరింపదగిన చక్రపుబండి యొకటియు ఉంచి, విత్తనపు జల్లెడను అరువిచ్చునట్లే సభ్యులకు అరువిచ్చినచో ఖర్చు స్వల్పము, ఉపకారము పెద్దది. మా పెట్టెను సంఘమునకు ఉచితముగా నిచ్చుటకు సిద్ధముగ నున్నాను. ఇక ఏటేట సెప్టెంబరు 28వ తేదీని ప్రపంచ రేబిస్ దినముగా జరుపుచున్నారు. అది పాస్తరు మహాశయుడు 1895లో కీర్తిశేషుడైన దినము. ఆనాడు పశువైద్యుని రప్పించి, ఊరి కుక్కలకన్నిటికి సంఘము పక్షమున టీకా వేయించుట ఎద్దులకు గొంతువాపు టీకా వేయించుట వంటి పనియే. ఈ రెండు సూచనలను రాబోవు సభలో సభ్యులు ఆలోచింపగోరుచున్నాను.

కూలిన కుక్క నోరు లేనిది. దాని పక్షమున మాటలాడవలసినవారు ఇంటివారే. వెనుకకాళ్లు పడినంతనే గోనెసంచి కొరకు వెదకక, పలక కొరకు వెదకుడు. ఆనాడే వైద్యునికి చూపుడు. పిమ్మట ఆరు వారముల ఓపిక చూపుడు. ఫలము మన చేతిలో లేకపోవచ్చును. ఆ మొదటి దినము మాత్రము మన చేతిలోనిదే.